ఎన్ని బొంతలు సగంలో ఉండొచ్చు?

ప్రస్తుతం మా ఇంట్లో ఐదు కుట్టుపనులు నడుస్తున్నాయి. నడుస్తున్నాయి అనడం మర్యాదకే లెండి. రెండు నడుస్తున్నాయి, ఒకటి కుంటుతోంది, మిగతా రెండూ చతికిలబడి కూచున్నాయి. నా పాత నేతచీరలన్నీ పోగేసి పెద్ద మంచానికి సరిపడేటట్టు కుడుతున్న బొంత ఒకటి. మా అక్క కూతురికి పుట్టబోయే బిడ్డ కోసం చిన్న బొంత ఒకటి. ఫాల్ వెయ్యవలసిన చీరలు నాలుగు. ఇవి ఎప్పుడు లెక్కపెట్టినా నాలుగే ఉంటాయి, అదేం మాయో! రంగుదారాలతో పువ్వులు కుడుతున్న దిండు గలీబుల జత ఒకటి. ఇవి కాక పాత బిస్కెట్ల డబ్బాలో ఆరు మూలల గుడ్డముక్కలు ఓ రెండొందలు. అవి చివరికి ఏమవుతాయో నాకే ఇంకా తెలీదు.

ఇవన్నీ చూసినవాళ్లు, ఆడవాళ్లు కానీండి, మగవాళ్లు కానీండి, అడిగే ప్రశ్న ఒకటే. "ఒకటి పూర్తిచేసి ఇంకోటి మొదలుపెట్టకూడదుటండీ?"

పైకి ఎంతో సబబైన ప్రశ్న. కానీ అది గుడ్డలగురించీ దారాలగురించీ అడిగింది కాదని నా అనుమానం. మనిషి గురించి అడిగింది. మొదలుపెట్టినదాన్ని ముగించడం మంచి గుణం, మధ్యలో వదిలి మరోదానిమీదికి పోవడం చపలత్వం అన్న తీర్పు ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ తీర్పు మనకి కొత్తది కూడా కాదు. భర్తృహరి సుభాషితాల్ని ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేశాడు కదా, అందులో ఒక పద్యం బళ్లో మనందరం అప్పజెప్పినదే. మనుషులు మూడు రకాలట. అడ్డంకులొస్తాయేమోనన్న భయంతో అసలు మొదలే పెట్టనివాళ్లు ఒకరు. మొదలుపెట్టి, అడ్డంకి రాగానే వదిలేసేవాళ్లు ఇంకొకరు. ఎన్ని అడ్డంకులొచ్చినా పట్టిన పట్టు విడవనివాళ్లు ఉత్తములు. ఈ లెక్కన మా దివాన్ కింద చూస్తే నేను మధ్యమురాలిని. ఐదుసార్లు మధ్యమురాలిని.

పద్యం మీద నాకు గౌరవం లేక కాదు. కానీ దాన్ని తీసుకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబెడితే ఒక పేచీ వస్తుంది. అడ్డంకి అంటే ఏమిటి? నేను సూదిలో దారం ఎక్కించి కూచునేసరికి పొయ్యిమీద పాలు పొంగుతాయి. అది అడ్డంకేనా? పాలు పొంగుతున్నా చలించక వరస పూర్తిచేసిన ఇల్లాలిని ఎవరైనా ఉత్తమురాలంటారా? ఇల్లు పట్టని మనిషి అంటారు. ఆ పద్యం చెప్పినాయన పూర్వాశ్రమంలో రాజని కదా మన కథ. రాజుల ఇళ్లలో పాలు పొంగినా దించేందుకు వేరేవాళ్లుంటారు.

అసలు ఐదు పనులు ఎందుకయ్యాయో ముందు చెప్పనివ్వండి.

పెద్ద బొంతకి నేల కావాలి. హాల్లో చాప పరిచి, అడుక్కి గట్టిగుడ్డ వెయ్యాలి, మావారి పాత పంచె అయితే మరీ శ్రేష్ఠం. దానిమీద గంజి అంతా పోయేటట్టు ఉతికి ఆరేసిన పాత చీరలు రెండు మూడు పొరలు. అన్నిటికన్నా పైన, చూడ్డానికి ఇంపుగా ఉండే చీర. కొత్తగుడ్డకి సూది తేలిగ్గా దిగదు, ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డలోకి వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. జారిపోయే సిల్కుల్లాంటివి లోపల పెట్టారంటే పొరలు ఒకదానిమీద ఒకటి నిలవ్వు. అన్నీ పరిచాక ముడత లేకుండా చేత్తో సాపుచేసి, మూలల్లో బరువులు పెట్టాలి. మా ఇంట్లో పొత్రం ఒక మూల, నిఘంటువు సంపుటాలు మూడు మూలలా పెడతాం. అప్పుడు నడుమనుంచి మొదలుపెట్టి అంచులవైపుకి పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటూ పోవాలి, ముడత ఏదైనా ఉంటే బయటికి పోయేటట్టు. చుట్టూ అంచులు ముందు బిగించేశారో, ముడతలన్నీ మధ్యకి చేరి మూట కట్టుకుంటాయి. ఇదంతా అయ్యేదాకా ఆ హాల్లో ఎవరూ నడవకూడదు. మన ఇళ్లలో హాల్లోంచి ఎవరూ నడవని రోజులు ఏడాదికి ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. టాకాలు పడ్డాక ఫరవాలేదు, చుట్టగా చుట్టి దివాన్ కిందికి తోసి, వీలున్నప్పుడు తీసి రెండు వరసలు కుట్టుకోవచ్చు. అయినా మే నెల్లో ఐదు పొరల గుడ్డ ఒళ్లో వేసుకుని కూచోడం ఎవరివల్ల అవుతుంది? ఇందాక కుంటుతోంది అన్నానే, అది ఇదే. దానికి చలికాలం రావాలి.

చీరల ఫాల్ సాయంత్రప్పని. చెయ్యి దాని దారిన అది పోతూంటే నోరు కబుర్లు చెప్పుకోవచ్చు. గలీబుల మీద పువ్వులకేమో మంచి వెలుతురు కావాలి. నలభై దాటాక సూది బెజ్జం మనల్ని చూసి దాక్కుంటుంది, అంచేత పొద్దున్న పదింటికి కిటికీ దగ్గర ఓ పావుగంట. చిన్న బొంత మధ్యాహ్నాలది. ఇక ప్రయాణానికి ఇవేవీ పనికిరావు. బిస్కెట్ల డబ్బా అందుకు పుట్టింది.

ఈ డబ్బాపని సంగతి కొంచెం చెప్పాలి. మందపాటి కాగితాన్ని ఆరు మూలలుగా కత్తిరించుకుని, దానికన్నా కాస్త పెద్ద గుడ్డముక్కని దానిమీద మడిచి టాకాలు వెయ్యడం. అలా తయారైన బిళ్లల్ని అంచుకి అంచు చేర్చి సన్నగా కుట్టడం. ఒక బిళ్ల అరచేతిలో ఇమిడిపోతుంది. పెళ్లి శుభలేఖ అట్ట దీనికి సరిగ్గా సరిపోతుంది. ఎంత ఖరీదు పెట్టి వేయించారో పాపం! నేను కొట్టేసిన నవల పేజీలు కూడా రెండేసి కలిపి అతికిస్తే పనికొస్తాయి. అన్ని పక్కలా కుట్టడం అయిపోయాక ఆ కాగితాల్ని తీసేస్తారు. ఇంగ్లండులో రెండొందల ఏళ్లనాటి ఇలాంటి కుట్టుపనులు కొన్ని సగంలో ఆగిపోయి దొరికాయి. వాటి వెనక కాగితాలు అలాగే ఉండిపోయాయి: ఉత్తరాల ముక్కలు, పద్దుల కాగితాలు, పిల్లల కాపీపుస్తకాలు. ఆ గుడ్డ ఏనాటిదో, ఏ ఇంటిదో చరిత్రకారులు ఆ కాగితాలు చదివి చెబుతున్నారు. చక్కగా పూర్తయిన బొంతలకి ఈ యోగం లేదు.

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడనుంచి విశాఖపట్నం దాదాపు 350 కిలోమీటర్లు, ఆరేడు గంటల ప్రయాణం. కదిలే రైల్లో సూదిలోకి దారం ఎక్కించడం తపస్సు లాంటిది. దానికో ఉపాయం ఉంది. ఇంట్లోనే ఒకే రీలు దారానికి ఏడెనిమిది సూదులు వరసగా గుచ్చి ఉంచుకోవాలి. కావలసినప్పుడు చివరి సూదిని దారంతో సహా లాక్కుని, మిగతా వాటిని వెనక్కి జరిపి, తెంపుకోవడమే. ఏలూరు దాటేలోగా రెండు బిళ్లలు, సామర్లకోటకి పువ్వు ఆకారం. సూది చేతిలో ఉన్న ఆడదాని పక్కన కూచున్న ఆడది ఊరుకోలేదు, అది లోకధర్మం. "ఏం కుడుతున్నారండీ?" అని మొదలై, వాళ్ల అమ్మమ్మ కుట్టిన బొంత దగ్గర తేలుతుంది. ఆ మాటల్లోనే నేను నేర్చుకున్నాను, కన్నడం వాళ్లు మన బొంతని కౌది అంటారని. బీహారులో సుజనీ, బెంగాల్లో కాంథా. పాతచీర అంచుల్లోంచి రంగుదారాలు లాగి ఆ దారాలతోనే బొమ్మలు కుట్టుకునేవారట బెంగాల్లో. ఎంత పొదుపు, ఎంత సొగసు!

కాబట్టి ఐదు పనులంటే ఐదు రకాల టైము. నాకు రోజులో ఐదు గంటలు ఒకేచోట కుదురుగా దొరికితే నేనూ ఒకే బొంత పట్టుకుని కూచుందును. నాకు దొరికేది పావుగంటలు, అరగంటలు. అవీ వేరువేరు చోట్ల, వేరువేరు వెలుతురులో. ముక్కలుగా దొరికే టైములో అఖండమైన పని చెయ్యమంటే ఎలా?

కుదురైన టైము ఎవరికి దొరికింది అని ఆలోచిస్తే నాకు ఒక ఓడ గుర్తొస్తుంది. దాని పేరు 'రాజా'. 1841 ఏప్రిల్ 5న ఇంగ్లండునుంచి బయల్దేరి, జులై 19న ఇప్పటి టాస్మేనియాలోని హోబార్ట్ చేరింది. అందులో సుమారు 180 మంది ఆడఖైదీలు. అప్పట్లో చిన్నచిన్న దొంగతనాలకి కూడా ద్వీపాంతరం పంపేసేవారు. జైళ్లలో స్త్రీల బాగుకోసం పాటుపడ్డ ఎలిజబెత్ ఫ్రై, ఆవిడతో పనిచేసిన స్త్రీలూ, ఇలా వెళ్లేవాళ్లకి తలా ఒక సంచీ ఇచ్చేవారు. అందులో వంద సూదులు, దారాలు, రెండు పౌన్ల గుడ్డముక్కలు. ఆ నూట అయిదు రోజుల సముద్రప్రయాణంలో వాళ్లు ఒక పెద్ద బొంత కుట్టారు. లెక్కపెడితే అందులో ముక్కలు 2,815. తమకి ఆ గుడ్డలిచ్చిన స్త్రీలకి కృతజ్ఞతగా ఇది సమర్పిస్తున్నామని దానిమీదే అక్షరాలు కుట్టారు. ఎక్కడెక్కడో తిరిగి, చివరికి స్కాట్లండులో ఒక అటకమీద బయటపడి, 1989లో ఆస్ట్రేలియా చేరింది. ఇప్పుడు కాన్‌బెర్రాలో నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఆ బొంత ఫొటో చూసినప్పుడల్లా నాకు సంతోషం, దుఃఖం రెండూ కలుగుతాయి. ఇంత పెద్ద పని మొదలెట్టి ముగించారు, భర్తృహరి లెక్కలో ఉత్తములు! కానీ ఎలా ముగించారు? ఇంట్లో వండిపెట్టవలసిన వాళ్లు లేరు కనక. పొయ్యిమీద పాలు లేవు కనక. ఎవరి పిల్లలు ఎక్కడ ఉండిపోయారో! ఆడదానికి ఆటంకం లేని మూడున్నర నెలలు కావాలంటే ఖైదీ అయి ఓడ ఎక్కవలసి వచ్చిందన్నమాట. పట్టుదల అనేది గుణమే కావచ్చు, కాదనను. కాని దానికి చోటూ వేళా ఉండాలి. అవి లేనివాళ్లని పట్టుకుని గుణం లేదనడం అన్యాయం.

రెండో ఉదాహరణ ఇంకాస్త దగ్గరిది, అంటే మా వృత్తికి దగ్గరిది. జేన్ ఆస్టిన్, వాళ్లమ్మ, అక్క కసాండ్రా కలిసి ముక్కలబొంత ఒకటి కుట్టారు. 1811లో అక్కకి రాసిన ఉత్తరంలో, బొంతకి ముక్కలు పోగెయ్యడం గుర్తుందా లేదా, ఇక్కడ పని ఆగిపోయి ఉంది అని హెచ్చరించింది జేన్. అదే ఏడు ఆవిడ మొదటి నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' అచ్చయి వచ్చింది. అంటే ప్రూఫులు ఒక చేత్తో, సూది ఒక చేత్తో. ఆవిడ చిన్న చిన్న కాగితాలమీద రాసేదనీ, ఎవరైనా వస్తే చటుక్కున దాచెయ్యడానికో, అద్దుడు కాగితం కప్పెయ్యడానికో అలా వీలుండేదనీ మేనల్లుడు తరవాత రాశాడు. అది చదివి చాలామంది పాపం అనుకుంటారు. నాకు మాత్రం, ఆవిడ నవలని కూడా బొంతలాగే ఒళ్లో పెట్టుకుని పక్కన పెట్టుకుని కుట్టింది కదా అనిపిస్తుంది. ఆ బొంత చాటన్‌లో ఆవిడ ఉన్న ఇంట్లో ఇప్పటికీ ఉంది. మన విమర్శకులు నచ్చని నవలని 'అతుకుల బొంత' అని తీసిపారేస్తారే, వాళ్లలో ఒక్కరైనా జన్మలో ఒక బొంత కుట్టి ఉండరు. కుట్టి ఉంటే ఆ మాట తిట్టుగా వాడరు. నా రెండో నవలకి ఆ బిరుదు వచ్చింది లెండి, అందుకని కాదు.

అలాగని ఆగి ఆగి చేసుకునే పని గొప్పదని నెత్తికెత్తుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. దాని రెండో ముఖం మన నరసాపురంలో ఉంది. పశ్చిమగోదావరిలో ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటా ఆడవాళ్లు లేసు అల్లేవారు. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ వాళ్ల మధ్య ఉండి చూసి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఇంటిపని అంతా చేసుకుంటూ, దానికి తోడు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవాళ్లు ఆ స్త్రీలు. ఆ లేసు సముద్రాలు దాటి అమ్ముడుపోయేది. కానీ వాళ్లు పనివాళ్లు కారట, గృహిణులట, లేసు వాళ్లకి ఖాళీ టైములో కాలక్షేపమట! అంచేత కూలి కూడా కాలక్షేపానికి ఇచ్చినట్టే ఉండేది. చూశారా, ఏ సుగుణం వల్ల ఆ పని ఇంటిపనిలో ఇమిడిందో ఆ సుగుణం వల్లనే దానికి ధర లేకుండా పోయింది. అల్లుతూ అల్లుతూ లేచి అన్నం వడ్డించి మళ్లీ వచ్చి అల్లుకోగలరు కదా, అయితే అది పనెలా అవుతుంది అని లోకం వాదన. అందుకే నాకు 'ఖాళీగా ఉన్నప్పుడు కుట్టుకుంటారా?' అన్న పలకరింపు వినగానే ఒళ్లు మండుతుంది. ఖాళీగా ఉంటే పడుకుంటానండీ.

నా వాదనంతా ఓపిగ్గా విని, నా స్నేహితురాలు ఒకావిడ, ఆవిడా బాగా కుడుతుంది, ఒక చురక వేసింది. "ఇదంతా బాగానే ఉంది గాని, టైము లేక ఆగిపోయినవి వేరు, బుద్ధి పుట్టక ఆగిపోయినవి వేరు. మొదలుపెట్టడంలో ఉన్న తీపి ముగించడంలో ఉండదు. కొత్త రంగులు, కొత్త ముక్కలు... అదొక పెళ్లిచూపుల సరదా. తరవాత కాపరం ఎవరు చేస్తారు?" అంది.

ఇది కొట్టిపారెయ్యగలిగిన మాట కాదు. బొంతలో చివరి పని చుట్టూ అంచు మడిచి కుట్టడం. పెద్ద బొంతకి ఆ చుట్టుకొలత ఎనిమిది గజాలు దాటుతుంది. అందులో కొత్త ఏమీ లేదు, కొత్త ముక్క రాదు, రంగు మారదు. అక్కడికొచ్చేసరికి చెయ్యి బరువెక్కి కన్ను కొత్తగుడ్డలకేసి పోతుంది. ఇది కుట్టేవాళ్లందరికీ తెలిసిన సంగతే. మా స్నేహితురాలు దీనికి నియమం పెట్టుకుంది, మూడుకి మించి మొదలుపెట్టదు. నాలుగోది కావాలంటే మూడింట్లో ఒకటి ముగియాల్సిందే.

నియమాలమీద నాకంత నమ్మకం లేదు. మూడు అయితే ధర్మం, నాలుగు అయితే అధర్మం ఎలా అవుతుంది? నేను సంఖ్య చూడను. దాని అవతలి చివర ఎవరైనా ఉన్నారా అని చూస్తాను. గలీబులు నాకోసం. అవి మూడేళ్లు పట్టినా వాటికి చిన్నతనం రాదు, నాకూ రాదు. బిస్కెట్ల డబ్బా ఎవరికోసమూ కాదు, అది రైలుకోసం. అది ఈ జన్మకి ముగియకపోయినా అందులో కుట్టిన ప్రతి గంటా నాకు ముట్టింది. గుడ్డకి మనం బాకీ ఉండం. కానీ మా అక్క కూతురి చిన్న బొంత ఉందే, అది అలా కాదు. పసిపిల్ల ఆగదు కదా! పొత్తిళ్లలో ఉన్నన్నాళ్లే ఆ బొంత దానికి పనికొచ్చేది. ఆ పిల్ల పాకడం మొదలెట్టాక తీసుకెళ్లి ఇస్తే అది బొంత కాదు, క్షమాపణ. అందుకే అది ఆగితే మిగతా నాలుగూ మూలపడతాయి. పక్కింటావిడ చీర ఫాల్ కూడా అంతే, శుక్రవారం పెళ్లికి కట్టుకోవాలి కనక గురువారానికి అయితీరాలి. మాట ఇచ్చినది బొంతకా, మనిషికా అన్న తేడా ఒక్కటి పెట్టుకుంటే నాకు చాలావరకు సరిపోతోంది.

చాలావరకు అని ఎందుకన్నానంటే, మా ఇంట్లో ఆరో బొంత ఒకటుంది. అది నేను మొదలుపెట్టింది కాదు గనక లెక్కలో వెయ్యలేదు.

మా అత్తగారు పోయి మూడేళ్లయింది. పక్కబట్టల పెట్టె సర్దుతూంటే అడుగున దొరికింది అది. మూడింట రెండొంతులు కుట్టి ఉంది. పైగుడ్డలో ఆవిడ చీరలు రెండు గుర్తుపట్టాను, మావారి చిన్నప్పటి స్కూలు చొక్కాల నీలం, మా వదినగారి పరికిణీ పసుపు. మొదట్లో కుట్లు బియ్యపుగింజలంత సన్నంగా, లెక్కపెట్టి పేర్చినట్టున్నాయి. పోను పోను పెద్దవయ్యాయి. ఆవిడ కళ్లకి శుక్లాలు వచ్చిన సంగతి డాక్టరుకన్నా ముందు ఆ బొంతకి తెలిసినట్టుంది. ఆఖరి కుట్టు దగ్గర సూది అలాగే గుచ్చి ఉంది. తుప్పు పట్టి, గుడ్డమీద గోధుమరంగు మరక వేసి. ఎవరికోసం కుట్టారో ఎవరికీ చెప్పలేదు.

నేను పూర్తిచేద్దామన్నాను. మా వదినగారు, అంటే మావారి అక్కగారు, వద్దన్నారు. "అమ్మ చెయ్యి ఎక్కడ ఆగిందో అది చెబుతోంది. నువ్వు కుట్టేస్తే అది చెప్పడం మానేస్తుంది" అన్నారు. ఆవిడ మాటలో ఉన్నది మొండితనం కాదని నాకు తెలుసు. కాని మా అత్తగారు బొంతలు చూసుకోడానికి కుట్టిన మనిషి కాదు, కప్పుకోడానికి కుట్టిన మనిషి. చిరిగిన తువ్వాలు కూడా పారెయ్యకుండా దేనికో దానికి వాడినావిడ. ఆవిడ బొంతని గాజుబీరువాలో పెట్టి చూసుకుంటున్నామని తెలిస్తే, "చలేస్తుంటే ఎవరికైనా ఇవ్వండర్రా" అని కేకలేసి ఉండేవారు.

పైగా కుట్టకపోతే అది అలాగే ఉండిపోతుందనుకోడం భ్రమ. కుట్టుపడని మూడోవంతులో టాకాలు వదులైపోయాయి, పొరలు జారుతున్నాయి, మడతల దగ్గర పాతగుడ్డ చిట్లుతోంది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచాలన్నా సూది పట్టుకోవలసిందే. ఇదంతా చెప్పి, నా లెక్క కూడా చెప్పాను: అవతలి చివర ఎదురుచూసేవాళ్లుంటేనే ముగించాలన్న తొందర అని. వదినగారు ఒక్క క్షణం ఆలోచించి, "అయితే దీనికి ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరుగా, మరి నీకెందుకంత తొందర?" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరో ఎదురుచూస్తున్నట్టే నాకు ఉంది. ఎవరని అడిగితే చెప్పలేను. మా అత్తగారా అంటే, ఆవిడ పోయారు. పోయినవాళ్లకి మాట బాకీ ఉండదని వాదించడం తేలికే, రాత్రి ఆ పెట్టె మూత వేసేటప్పుడు అలా అనుకోడం అంత తేలిక కాదు. ఇంకొకళ్లు ఆపేసిన పనిని ముగించడం వాళ్లకి చేసే సేవో, వాళ్ల నోట్లో మాట లాక్కోవడమో! రెండూ ఒకే కుట్టులో ఉండొచ్చు కూడా.

ఉత్తరాలూ ఫోన్లూ అయ్యాక ఒక రాజీకి వచ్చాం. వచ్చే సంక్రాంతికి వదినగారు నాలుగు రోజులుండేటట్టు వస్తున్నారు. ఆవిడకీ మోకాళ్ల నొప్పులు, నేలమీద కూచోలేరు. అందుకని భోజనాలబల్ల మీదే పరిచి, ఆవిడ ఒక అంచునుంచీ నేను ఒక అంచునుంచీ మిగిలిన భాగం కుట్టేటట్టు నిర్ణయం అయింది. సూది తీసి దాచాలనీ, తుప్పు మరక మాత్రం ఉతకకూడదనీ ఇద్దరం ఒప్పుకున్నాం. దారం రంగు దగ్గర మాత్రం ఇంకా తెగలేదు. అమ్మది తెల్లదారం కనక అదే ఉండాలంటారు ఆవిడ. ఆవిడ కుట్లూ మన కుట్లూ కలిసిపోకూడదు, నీలం వేద్దాం అంటున్నాను నేను. రెండు రీళ్లూ కొని ఉంచాను.